క్లియర్ టైటిల్

మొన్న వేసవి సెలవుల్లో ఏం చేశావురా అని హాస్టల్లో ఎవరు అడిగినా "సైట్ వర్క్" అని చెప్పాను. అబద్ధం కాదు. నలభై రోజులు సిమెంటు, పుట్టీ, పెయింటు మధ్యే ఉన్నాను. కాకపోతే ఆ సైటు మా ఇల్లే. నాన్న దాన్ని అమ్మేద్దామనుకున్నారు.

మాది సింహాచలం కొండ కింద అడవివరం. గిరి ప్రదక్షిణ చేసినవాళ్లకి తెలిసే ఉంటుంది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెట్టాక ముందుగా వచ్చేది మా ఊరే. మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి వస్తే మా ఇల్లు. తాతయ్య 150 గజాల స్థలం కొని ముందు రెండు గదులు వేశారట. తర్వాత వంటిల్లు, అక్క పుట్టాక ముందు గది వచ్చాయి. వీధి వైపు అరుగు, పెరట్లో సంపెంగ చెట్టు.

అక్క పెళ్లికి చేసిన అప్పు, నా ఫీజు, నానమ్మ మోకాళ్లు. ఈ మూడూ కలిసి నాన్నని ఆ నిర్ణయానికి తెచ్చాయి. సెమ్ పరీక్షలయ్యి నేను ఇంటికొచ్చిన రోజు రాత్రి అన్నం తింటూ చెప్పారు. "ఇల్లు అమ్మేద్దాం రా. నువ్వు సివిల్ చదువుతున్నావు కదా, కొంచెం బాగుచేయించు. చూసినవాళ్లకి నచ్చాలి కదా."

నానమ్మ మాత్రం, "ఇన్నాళ్లూ మనకి నచ్చడానికి ఒక్క గోడకీ సున్నం వెయ్యలేదు. ఇప్పుడు ఎవడికో నచ్చాలని రంగులేటి?" అంది. ఎవరూ జవాబు చెప్పలేదు.

మొదట అటక దింపాం. మీ ఇంట్లో ఎప్పుడైనా ఇలాంటి పని పడితే అటక నుంచే మొదలుపెట్టండి. పాత ట్రంకు పెట్టె, చెడిపోయిన రెండు ఫ్యాన్లు, అక్క టెన్త్ రికార్డులు, తాతయ్య గొడుగు, పదకొండేళ్ల క్యాలెండర్లు దొరికాయి. అమ్మ ఏదీ పారెయ్యనివ్వలేదు. మూడు కుప్పలు పెట్టాను: ఉంచేవి, ఇచ్చేసేవి, తూకానికి వేసేవి. సాయంత్రానికి ఉంచేవాటి కుప్పే పెద్దదైంది. అయినా సగం సామాను బయటికి పోయేసరికి గదులు పెద్దవయ్యాయి. ఇరవయ్యేళ్లుగా అందులో ఉంటున్న నాకే కొత్తగా అనిపించింది.

తర్వాత అసలు సమస్య. ముందు గదిలో పడమర గోడకి నెమ్ము. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పటి నుంచీ ఉంది. వానాకాలం వస్తే గోడ మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, చేత్తో రాస్తే పెచ్చులు ఊడుతాయి. మేం దాని ముందు బీరువా పెట్టి సర్దుకున్నాం.

పెయింటర్ వచ్చి చూసి, "రెండు కోట్లు పుట్టీ కొట్టేసి రంగేస్తే ఆరు నెలలు ఏటీ తెలీదండి. ఈలోగా మీకు అమ్ముడైపోద్ది" అన్నాడు. నాన్న నా వైపు చూశారు. నిజం చెప్పాలంటే నాకూ అదే సులువుగా అనిపించింది. కానీ ఒకసారి పైకెక్కి చూద్దామని వెళ్లాను. పిట్టగోడ శ్లాబు మీద ఆనేచోట సన్నగా పొడుగ్గా ఒక పగులు ఉంది. వాన నీళ్లు దిగే గొట్టం సంపెంగాకులతో మూసుకుపోయి ఉంది. నీళ్లు అక్కడ నిలిచి పగుల్లోంచి గోడలోకి దిగుతున్నాయన్నమాట. థర్డ్ సెమ్‌లో చదివి, పరీక్షలో రాసి, మర్చిపోయిన విషయం మా ఇంటి మీదే ఉంది.

గొట్టం శుభ్రం చేసి జాలీ పెట్టాం. తాపీమేస్త్రి పగులుని ఉలితో వెడల్పు చేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో నింపాడు. అది గట్టిపడ్డాక గొట్టాలు మూసేసి, శ్లాబు మీద ఒక రోజంతా నీళ్లు కట్టి ఉంచాం. కింద చెమ్మ దిగలేదు. లోపల పాడైన ప్లాస్టరు కొట్టేసి, ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపి, మూడు వారాలు గోడని ఆరనిచ్చాం. ఆ తర్వాతే పుట్టీ, ప్రైమర్, రంగు. ఖర్చు పెయింటర్ చెప్పినదానికి రెండింతలైంది. నాన్న ఏమీ అనలేదు గానీ ప్రతి బిల్లూ మడిచి జేబులో పెట్టుకోవడం చూశాను.

గోడలు ఆరుతుండగా కాగితాల మీద పడ్డాం. ఇక్కడ మా ఊరి కథ కొంచెం చెప్పాలి. విశాఖ వాళ్లకి "పంచగ్రామాల సమస్య" అంటే చాలు. మిగతావాళ్లకి చెప్తాను. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం, ఈ ఐదు గ్రామాల్లో భూములు పూర్వం అప్పన్న స్వామికి ఇనాంగా ఇచ్చినవి. 1956లో ఇనాంల రద్దు చట్టం వచ్చింది. 1996లో ఆ చట్టం కింద సుమారు 9 వేల ఎకరాలకి దేవస్థానం పేరున రైత్వారీ పట్టా వచ్చింది. అప్పటికే ఆ భూముల్లో మాలాంటి వాళ్లు వేలమంది ఇళ్లు కట్టుకుని ఉన్నారు. ఆ ఇళ్లని క్రమబద్ధీకరించడానికి 2019లో చట్టం చేశారు, అది హైకోర్టుకి వెళ్లింది. ఎవరి వాదన వాళ్లకి ఉంది. స్వామి భూమి స్వామికి ఉండాలని మా నానమ్మే అంటుంది, మన ఇల్లు మనకి ఉండాలని కూడా తనే అంటుంది.

దీనివల్ల మాకు జరిగేది ఇది. రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఏ అని ఒక సెక్షన్ ఉంది. ఆ జాబితాలో ఉన్న సర్వే నంబర్లకి రిజిస్ట్రేషన్ చెయ్యరు. మా సర్వే నంబరు అందులో ఉంది. మా దగ్గర ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, తాతయ్య రాయించుకున్న స్టాంపు కాగితం అన్నీ ఉన్నాయి. పన్ను కడుతున్నాం కాబట్టి ఇల్లు మన పేరునే ఉన్నట్టు అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. పన్ను రసీదు వేరు, హక్కు పత్రం వేరు.

అలాగని ఇక్కడ ఇళ్లు చేతులు మారవా అంటే మారతాయి. నోటరీ అగ్రిమెంట్ రాసుకుంటారు. కొనేవాడికీ అమ్మేవాడికీ సంగతి తెలుసు, కాబట్టి ధర సగమే పలుకుతుంది. మాకు ఊళ్లోవాళ్లు చెప్పిన రేటూ అంతే. దాంతో అప్పు తీరుతుంది గానీ ఇంకో గూడు రాదు.

అప్పుడు నేను ఒక తెలివైన పని చేశాను. ఫోన్లో ఇళ్లు అమ్మే యాప్ ఒకటి దింపి, కొత్త రంగుల్లో మా ఇంటి ఫొటోలు తీసి ప్రకటన పెట్టాను. ఉదయం ఏడింటికి తూర్పు వెలుగులో తీశాను, చాలా బాగా వచ్చాయి. "కొండ గాలి, మంచి నీరు, పెరట్లో సంపెంగ చెట్టు" అని రాశాను. చివర ఒక గడి ఉంది: "క్లియర్ టైటిల్". చుట్టుపక్కల ప్రకటనలన్నిట్లో అందరూ టిక్ పెట్టి ఉన్నారు. నేనూ పెట్టాను. ఆ క్షణంలో పెద్ద విషయమనిపించలేదు. అదొక ఫార్మాలిటీ అనుకున్నాను.

వారానికి ఒక బ్రోకర్ గారు ఫోన్ చేశారు. పార్టీ ఉంది, శ్రీకాకుళం వైపు వాళ్లు, రిటైరైన మాస్టారు, డబ్బు చేతిలో ఉంది, స్వామి పాదాల దగ్గర ఇల్లు కావాలంటున్నారు అని. చెప్పిన ధర ఊళ్లో రేటుకి దాదాపు రెట్టింపు. మాస్టారూ ఆవిడా ఆదివారం వచ్చారు. ఆవిడ సంపెంగ చెట్టు కింద నిలబడి కాసేపు కదల్లేదు. ఆయన ఫోన్లో దిక్సూచి పెట్టుకుని ఈశాన్యం చూశారు, కుళాయిలు తిప్పి చూశారు, గోడ తట్టి చూశారు. "బాబూ, గోడ బాగుంది. ఎవరు చేయించారు?" అన్నారు. నేనే అన్నాను గర్వంగా. వచ్చే ఆదివారం అడ్వాన్స్ ఇస్తామని చెప్పి వెళ్లారు.

వాళ్లు వెళ్లాక బ్రోకర్ గారు నాన్నని అరుగు మీదకి పిలిచి నెమ్మదిగా అన్నారు. "ముందు అడ్వాన్స్ తీసుకోండి. 22-ఏ సంగతి ఇప్పుడే ఎత్తకండి. రేపో మాపో క్లియర్ అయిపోద్ది, అప్పుడు రిజిస్ట్రేషన్ చేసుకుందాం అని నోటరీలో రాయిద్దాం. పెద్దాయనకి అవన్నీ తెలీవు."

ఆ రాత్రి నాన్న నా ఫోన్ అడిగి ప్రకటన మొత్తం చదివారు. కళ్లజోడు పైకి పెట్టుకుని అడిగారు.

"క్లియర్ టైటిల్ అంటే ఏటి రా?"

చెప్పాను.

"మరి ఇదెవరు పెట్టారు?"

నేను మాట్లాడలేదు. అమ్మే అందుకుంది. "వాడు కావాలని పెట్టాడేటండి? అందరూ అలాగే పెడుతున్నారు. అయినా ఆ డబ్బొస్తే అత్తయ్యగారికి ఆపరేషన్ అయిపోతుంది." నాన్న "ఊఁ" అన్నారు. లైటు తీసేశాక కూడా ఇద్దరూ మెల్లగా మాట్లాడుకోవడం వినిపిస్తూనే ఉంది. నాకు నిద్రపట్టక ఫోన్లో వెతుక్కుంటూ కూర్చున్నాను. ఆస్తి బదిలీ చట్టం, 1882. సెక్షన్ 55. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం ఆస్తిలో గానీ హక్కులో గానీ ఉంటే, అమ్మేవాడికి అది తెలిసి ఉంటే, చెప్పి తీరాలి. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా చదివాను. రిజిస్టరైన దస్తావేజు లేకుండా, వట్టి అగ్రిమెంటు, పవర్ ఆఫ్ అటార్నీ కాగితాలతో స్థిరాస్తి మీద హక్కు రాదు. అంటే మాస్టారు జీవితమంతా దాచుకున్న డబ్బిచ్చి మా దగ్గర కొనేది మా కాగితాల లాంటి ఇంకో కాగితమే. గోడ మీద రెండు కోట్ల పుట్టీ వద్దన్న నేనే ఇక్కడ వేలితో ఒక టిక్ కొట్టాను.

పొద్దున్నే లేచి ప్రకటన తీసేశాను. నాన్నకి చెప్దామని అరుగు మీదకెళ్తే ఆయన అప్పటికే ఫోన్ మాట్లాడుతున్నారు.

"మాస్టారూ, నమస్కారమండి. ఇల్లు మీ పేరున రిజిస్ట్రేషన్ అవదండి. మా పేరునే లేదు. ముందే చెప్పవలసింది, తప్పయిపోయింది. ఊళ్లో రేటుకి, తెలిసే కొనుక్కుంటామంటే మీ ఇష్టమండి. మా అబ్బాయి మీకు కాగితాలన్నీ చూపిస్తాడు."

అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత ఏమన్నారో నాకు వినపడలేదు. నాన్న ఫోన్ జేబులో పెట్టుకుని, "కొనరంట" అని టీ తాగారు. బ్రోకర్ గారు మళ్లీ ఫోన్ ఎత్తలేదు. అమ్మ రెండు రోజులు నాతోనూ నాన్నతోనూ పెద్దగా మాట్లాడలేదు. నానమ్మ మాత్రం ఆ రోజు మంచం ముందు గదిలోకి మార్పించుకుంది. గోడ బాగుందట.

మీ ఇంట్లో కూడా ఎప్పుడో ఒకప్పుడు అమ్మకం మాట రావచ్చు. అప్పుడు రంగుల డబ్బాకంటే ముందు ఫోన్ తియ్యండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ తీసి చూడండి. సర్వే నంబరు కొట్టి నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడండి. తాతల నాటి నుంచి వచ్చిన లింకు డాక్యుమెంట్లు వరసగా పెట్టండి, ఏది లేదో మీకే తెలుస్తుంది. వారసులందరూ ఒప్పుకున్నారా, ముఖ్యంగా మేనత్తలని ఎవరైనా అడిగారా కనుక్కోండి. తర్వాత పైకెక్కి శ్లాబు చూడండి. గోడ ఆరాక రంగు వెయ్యండి. చివరగా, వచ్చినవాళ్లు అడగని విషయం ఏదైనా మీ నోట్లో ఆగిపోతుంటే, దాన్నే ముందు చెప్పండి. మాకు దానివల్ల బేరం పోయింది. అప్పు ఇంకా ఉంది. ముందు గది తప్ప మిగతా ఇంట్లోకి మేం సర్దుకుని, నానమ్మని బతిమాలి ఆ గది అద్దెకిద్దామనుకున్నాం, తను ససేమిరా అంది. దాంతో వెనక గది ఇచ్చాం. ఆ అద్దె నా హాస్టల్ ఖర్చుకి సరిపోతోంది. ఆపరేషన్ మాత్రం ఇంకా ఆగే ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా నానమ్మ "నాకేటి, బాగానే నడుస్తున్నాను" అంటుంది.

ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణకి ఇంటికెళ్లాను. ఆ రాత్రి జోరుగా వాన. 32 కిలోమీటర్లు నడిచేవాళ్లు తడిసి మా సందులోకి కూడా వచ్చి అరుగు మీద నిలబడ్డారు. అమ్మ అందరికీ మజ్జిగ పోసింది. ఆ హడావిడిలో నా ఫోన్ మోగింది. మాస్టారు.

"బాబూ, పెందుర్తి వైపు ఒక ఫ్లాటు చూశాం. సర్వే నంబరు చెప్తాను, ఆ ఫోన్లో ఏదో చూస్తావటగా, కాస్త చూసి పెడతావా?"

నంబరు రాసుకోవడానికి ముందు గదిలోకి వెళ్లాను. నానమ్మ పడుకుని ఉంది. నాన్న చీకట్లో పడమర గోడ దగ్గర నిలబడి, అరచేయి గోడకి ఆనించి ఉన్నారు. నన్ను చూసి చెయ్యి తీసి లుంగీకి తుడుచుకున్నారు, తడి లేకపోయినా.

"పొడిగానే ఉంది రా" అన్నారు.