మేపుల్ మోజు, మోదుగు మొక్క

మన ఐటీవాళ్ళకి మేపుల్ చెట్టంటే ఓ రకమైన మోజు. ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన ప్రతివాడి ఫోన్లోనూ అక్టోబర్ నెల ఎర్రాకుల ఫొటో ఒకటుంటుంది. నా దగ్గరా ఉంది, కాదనను. బోస్టన్‌లో ఉండే మా బావ ఇంటిముందు జపనీస్ మేపుల్ నాటి, జింకలు కొరక్కుండా చుట్టూ వల కట్టి మరీ ఫొటోలు పంపాడు. ఖానాపూర్‌లో మా ఇంటిముందు కూడా అలాంటిదొకటి ఉంటే బావుణ్ణనిపించింది.

కొనేముందు కాస్త చదివాను. ఆ చెట్టుకి చలికాలంలో ఆకులన్నీ రాల్చి నిద్రపోయేంత చలి కావాలి. పగలు కురచై రాత్రులు చల్లబడుతున్నప్పుడు ఆకులోని పచ్చదనం తగ్గిపోయి ఎర్రరంగు తయారవుతుంది. మన దేశంలో మేపుల్ జాతులు లేకపోలేదు గానీ ముఖ్యంగా హిమాలయాల్లోనే. (కాశ్మీర్ చినార్ ఆకు చూసి చాలామంది మేపుల్ అనుకుంటారు, అది వేరే కుటుంబం.) మా నిర్మల్ జిల్లాలో డిసెంబర్ చలి గట్టిదే. కానీ మే నెల ఎండకి ఆ పలచని ఆకులు అంచుల నుంచి మాడిపోతాయి. చెట్టుని కుండీలో పెట్టి ఏసీ గదిలో పెంచడం నాకు నచ్చని పని.

మరి మనకి ఎర్రచెట్టు లేదా? ఫాల్గుణంలో ఒకసారి ఖానాపూర్ నుంచి కడెం వైపు రండి. ఆకు రాల్చేసిన మోదుగులు ఒళ్ళంతా పూలేసుకుని నిలబడతాయి. చిన్నప్పుడు ఆ పూలు నానబెట్టే హోలీ రంగు చేసుకునేవాళ్ళం. విస్తళ్ళూ ఆ ఆకులతోనే. మేపుల్ చలికి ముందు ఎర్రబడుతుంది, మోదుగు ఎండకి ముందు ఎర్రబడుతుంది. పైగా ఎక్కడికెళ్ళినా మోదుగుకి మూడే ఆకులని సామెత. ఆన్‌సైట్ వెళ్ళొచ్చినా జీవితం మారనివాళ్ళకి మా టీమ్‌లో ఇదే వాడతాం :)

"ఇంటిముందట మోదుగేందిరా, అడివిల లేవా?" అన్నాడు బాపు. ఆ తర్వాత అసలు ప్రశ్న వేశాడు. "నువ్వు పెట్టి పట్నం పోతవు. ఎండకాలం నీళ్ళెవలు పోస్తరు?"

మొక్కల గురించి అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే అని నా అభిప్రాయం. 2015లో హరితహారం మొదలైనప్పుడు అందరూ నాటిన లెక్కలే చెప్పారు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంలో మాత్రం, నాటినవాటిలో కనీసం 85 శాతం బతకాలని రాశారు. అమలు సంగతి అలా ఉంచండి, బతికిన లెక్క అడగడం సరైన ఆలోచన. మన ఆఫీసుల్లో జూన్ 5న మొక్కతో ఫొటో దిగుతాం. తర్వాతి మే నెలలో దాని దగ్గర ఎవరుంటారు? గో-లైవ్ రోజు కేకు కోసేవాళ్ళు వేరు, అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచేవాళ్ళు వేరు. చెట్లకీ అంతే.

మోదుగు తల్లివేరు లోతుగా దిగుతుంది. సంచిలోంచి మార్చి నాటడం కన్నా గింజ అక్కడే పెట్టడం మేలు. 2024 జూన్‌లో రెండు వానలు పడ్డాక, ముందే తవ్వి ఎండబెట్టిన గుంతలో పశువుల ఎరువు, చెదలు పట్టకుండా కాస్త వేపపిండి కలిపి మూడు గింజలు పెట్టాం. రెండు మొలిచాయి. నా పని అక్కడితో అయిపోయింది, బస్సెక్కాను.

మిగతాదంతా బాపు, అమ్మ చేసిందే. మేకలు రాకుండా చుట్టూ రేగు కంప. రోజూ చెంబెడు పోస్తే పైమట్టే తడుస్తుందని, ఓ పాత కుండకి అడుగున సన్న బొక్క పెట్టి, గుడ్డవత్తి దూర్చి, మొక్కకి జానెడు దూరంలో పాతారు. రెండు మూడు రోజులకోసారి నింపితే, నీళ్ళు మెల్లగా వేరు దగ్గరికే ఇంకుతాయి. అయినా ఒక మొక్కని గడ్డి కోసేవాళ్ళు గడ్డితో పాటే కోసేశారు. రెండోది 2025 మే నెలలో పైనంతా ఎండి పుల్లయింది. పీకెయ్యమన్నారు పక్కింటివాళ్ళు. బాపు వినలేదు. "పైన ఎండింది గని కింద పానముంటది" అని కుండ నింపుతూనే ఉన్నాడు. మోదుగు పిల్లమొక్కలు కొన్నేళ్ళు అలా ఎండి మళ్ళీ వేరు నుంచి చిగురించడం మామూలే అని నేను తర్వాత చదివాను. ఆయన చదవకుండానే చెప్పాడు. వానలు పడగానే మూడాకుల చిగురొచ్చింది.

ఇప్పుడది మోకాలెత్తు కూడా లేదు. పూత పూయడానికి చాలా ఏళ్ళు పడుతుంది. బాపుకి అరవై నాలుగు, మోకాళ్ళ నొప్పులు. బిందె మోసే ప్రతిసారీ ఆ నొప్పి నా మొక్క ఖాతాలోకే వస్తుంది. అందుకే వచ్చే మే నెలంతా ఖానాపూర్ నుంచే పని చేస్తానని మేనేజర్‌ని అడిగాను. ఇంకా ఏమీ తేల్చలేదు. ఒప్పుకోకపోతే నీళ్ళు పోయడానికి నెలకింతని మనిషిని పెట్టి, డబ్బులు నేనే పంపిస్తాను.

మొక్క పెట్టాలనుకునేవాళ్ళు ఏ మొక్క పెట్టాలో తర్వాత చూసుకోవచ్చు. మే నెలలో దాని దగ్గర ఎవరుంటారో ముందు తేల్చుకోండి. ఆ మనిషి మీరు కాకపోతే, కనీసం ఆ చెట్టు నేను పెంచానని చెప్పుకోకండి.