మసి లేని రైలింజన్

ఒక్కో ఇంట్లో మగవాళ్లకు ఒక్కో పిచ్చి ఉంటుంది. కొందరికి క్రికెట్, కొందరికి ప్లాట్లు, కొందరికి పేకాట. మా వారికి రైళ్లు. ఎక్కడం కాదు, కట్టడం. నిజం రైలు ఎలా ఉంటుందో అచ్చం అలాగే, చిన్నదిగా.

వికారాబాద్‌లో పుట్టినవాళ్లకు రైలు పిచ్చి పట్టడం వింతేమీ కాదు లెండి. కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం కాలంలో, 1874లో వేసిన లైను మీద ఉంది మా ఊరు. బీదర్ మీదుగా పర్లి వైజనాథ్ వెళ్లే లైను కూడా ఇక్కడే విడిపోతుంది. మా వారు తాండూరులో ఒక నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తారు. రోజూ రైల్లోనే వెళ్లి వస్తారు. ఒకసారి పుణే పెళ్లికి వెళ్లినప్పుడు అక్కడి జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూశారు. 1998 నుంచి నడుస్తున్న మ్యూజియం అది. అంతే, తిరిగొచ్చిన వారానికి మా రెండో పడకగదిలోకి ప్లైవుడ్ వచ్చింది.

ఆయన ఎంచుకున్నది హెచ్‌ఓ స్కేలు. అంటే అసలు వస్తువులో 87వ వంతు. ఐదడుగుల మనిషి ఒకటిముప్పావు సెంటీమీటర్ అవుతుంది. వికారాబాద్ నుంచి తాండూరుకు సుమారు 40 కిలోమీటర్లు కదా, ఆ లెక్కన అచ్చంగా వేయాలంటే 460 మీటర్ల పొడవు గది కావాలి! మా గది పన్నెండు అడుగులు. అందుకని ధారూర్, రుక్మాపూర్ లాంటి ఒక చిన్న స్టేషన్, దాని పక్కన రెండు క్వార్టర్లు, ఒక కందిచేను, ఇంతే పెట్టుకున్నారు. కాలం 1980 ప్రాంతం. కరెంటు తీగల్లేవు, డీజిల్ కూడా లేదు. బొగ్గు బండి ఒక్కటే.

రెండు వైపులా స్టేషన్లకు స్థలం లేదు కాబట్టి ఎనిమిదడుగుల బల్ల మీద రైలు గుండ్రంగా తిరిగేది. పట్టాల విషయంలో మాత్రం ఆయన ఇప్పటికీ బాధపడుతుంటారు. మన బ్రాడ్‌గేజ్ వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాలు 16.5 మిల్లీమీటర్లే. విదేశాల పట్టాలు మనకంటే ఇరుకు కాబట్టి. ఆ మూడు మిల్లీమీటర్లు ఆయనకు తప్ప ఇంకెవరికీ కనిపించవు.

సామాను దగ్గరికొచ్చేసరికి సగం నా వంటింట్లోంచే వెళ్లింది. పట్టాల కింద కంకర కోసం తాండూరు నాపరాయి చెక్కులు తెచ్చి, రోట్లో దంచి, నా రవ్వ జల్లెడతో జల్లించారు. (ఆ జల్లెడ మళ్లీ వంటింటి గడప తొక్కలేదు.) తాండూరు నల్లరేగడికి, వికారాబాద్ ఎర్రమట్టికి రంగు తేడా తెలియాలని రెండు చోట్ల నుంచీ మట్టి తెచ్చి, ఎండబెట్టి, వస్త్రకాయం పట్టారు. వాడిన టీపొడి ఎండిన గడ్డి అయింది. గిన్నెలు తోమే పీచుకు రంగు వేస్తే తుమ్మచెట్టు. 2022లో తాండూరు కందిపప్పుకు జీఐ గుర్తింపు వచ్చిందని, చేలో కంది తప్ప ఇంకేమీ వేయనన్నారు. కొబ్బరిపీచు ముక్కలకు ఆకుపచ్చ రంగద్ది నాటాం. అంతా అతకడానికి ఫెవికాల్‌లో నీళ్లు కలిపి, ఒక చుక్క గిన్నెల సబ్బు వేయాలి. సబ్బు లేకపోతే జిగురు కంకర మీదే ముత్యంలా నిలబడుతుంది, లోపలికి ఇంకదు.

ఇంజన్ అమెరికా నుంచి వచ్చింది. మా మరిది కొడుకు వాడిన సరుకు చూసి కొనుక్కొచ్చాడు. ముందు రెండు చిన్న చక్రాలు, మధ్యలో ఎనిమిది పెద్దవి, వెనక రెండు. మన డబ్ల్యూజీ ఇంజన్‌కూ అదే వరుస. 1950 నుంచి చిత్తరంజన్‌లో తయారై, దేశమంతా గూడ్సు బండ్లు లాగిన ఇంజన్ అది. ముందు బఫర్లు పెట్టి, క్యాబ్ మార్చి, మూడు వారాలు రంగులేసి డబ్ల్యూజీని చేశారు మా వారు. నల్లగా నిగనిగలాడిపోయేది.

ఇంతలో అమ్మ సంగతి వచ్చింది.

నాన్న పోయాక అమ్మ తాండూరులో తమ్ముడి దగ్గర ఉండేది. తమ్ముడికి దూరం బదిలీ అయింది. అక్కడ భాష రాదు, మెట్లెక్కి మూడో అంతస్తు, అమ్మకేమో మోకాళ్లు. నా దగ్గరికి రమ్మన్నాను. "కూతురింట్ల ఎన్నొద్దులుంటరు బిడ్డా, నలుగురేమంటరు" అని ఆమె. చివరికి పండుగ దాకా అనుకుని ఒక సంచితో వచ్చింది. మాకున్న రెండో గదిలో ఎనిమిదడుగుల బల్ల ఉంది. నాలుగేళ్ల పని. మా వారు ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది. హాల్లో మంచం వేస్తే అమ్మకు నిద్ర పట్టదు, ఎవరొచ్చినా లేచి కూర్చుంటుంది. బల్ల తీసేయమంటే ఆయన తీసేస్తారు. కానీ తీసేయించుకుని ఉన్నానన్న మాట అమ్మ మనసులోంచి ఎప్పటికీ పోదు.

రెండో రోజు అమ్మే ఆ గదిలోకి వెళ్లి చూసింది. మా నాన్న రైల్వేలో ఫైర్‌మన్. ఆవిరి ఇంజన్లు పోయాక డీజిల్ అసిస్టెంట్ అయ్యాడు. కాబట్టి ఇంజన్ చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటుందేమో అని మా వారు పక్కనే నిలబడ్డారు. అమ్మ కళ్లద్దాలు సవరించుకుని, వంగి చూసి, "ఇది మీ నాయన బండి కాదు బిడ్డా. పెండ్లికొడుకు లెక్కుంది. దీనికి మసి ఏది?" అంది.

ఆ పూట కూర్చుని చెప్పింది. డ్యూటీ దిగి వచ్చిన మనిషికి కళ్లు, పళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావట. ఖాకీ బట్టలు రాత్రి సోడాలో నానబెట్టి, తెల్లారి బండకేసి బాదితే మూడు నీళ్లకు కూడా నలుపు దిగేది కాదట. నిప్పురవ్వలు పడి చొక్కాకు చిల్లులు. కంట్లో బొగ్గు నుసి పడితే చీరకొంగు కొసతో తీయడం. రాత్రి రెండింటికి కూత వినపడితే అది నాన్న బండి అవునో కాదో గుర్తుపట్టి, లేచి వేణ్నీళ్లు పెట్టడం. "మీకు సూడ సక్కగుంటది అల్లుడూ. నాకు సబ్బు బిళ్లలు యాదికొస్తయి" అంది నవ్వుతూ.

ఆవిరి బండ్ల మీద అందరూ ముచ్చటగా మాట్లాడతారు. 1995 చివరికల్లా బ్రాడ్‌గేజ్ మీద అవి ఆగిపోయాయి కాబట్టి ఇప్పుడు అంతా అందమే. నేను చిన్నప్పుడు కిటికీలోంచి చూసిన పొగ కూడా నాకు అందమే. ఆ పొగ ఎవరి చేతుల మీదుగా ఉతుక్కుపోయిందో అప్పుడు నాకు కనిపించలేదు, ఏ చిత్రంలోనూ కనిపించదు.

మరునాడు ఆముదం దీపం వెలిగించి, మీద ఇత్తడి పళ్లెం బోర్లించింది అమ్మ. కాటుక పట్టినట్టే. అంత డబ్బు పోసి కొన్న ఇంజన్ మీద మసి పూయడానికి మా వారికి చేయి రాలేదు. "ఇటియ్యి" అని అమ్మే బ్రష్ తీసుకుంది. పొగగొట్టం చుట్టూ, క్యాబ్ కప్పు మీద, బొగ్గు డబ్బా వెనక. మన వైపు నీళ్లలో సున్నం ఎక్కువ, ఆవిరి కారిన చోటల్లా తెల్లచారలు కట్టేవని ముగ్గుపిండితో గీతలు లాగింది. నిజం బొగ్గు దంచి డబ్బాలో పోశాం. పైన మెరుపు లేని వార్నిష్ కొట్టాక, ఆ ఇంజన్ ఒక్కసారిగా బరువెక్కింది. అంతకుముందు అది బొమ్మ, అంతే.

గది సంగతి కూడా ఆ వారమే తేలింది. మా వారు బల్లను మధ్యకు కోసేశారు. నాలుగడుగుల ముక్కలు రెండూ, అడుగు వెడల్పుకు తగ్గించి, గోడకు అలమార తట్టలా బిగించారు. ఇప్పుడు రైలు గుండ్రంగా తిరగదు. ఒక కొస వికారాబాద్, ఇంకో కొస తాండూరు, వెళ్లడం, రావడం. కిటికీ పక్కన అమ్మ మంచం. రాత్రి తొమ్మిది దాటితే బండి నడపకూడదు, అది అమ్మ పెట్టిన టైంటేబులు.

వీడియో పని మా అబ్బాయిది. హాస్టల్ నుంచి వచ్చిన ఆదివారాలు తీస్తాడు. వాడు చెప్పిన కిటుకులు మీకూ చెబుతాను, పిల్లల బొమ్మలు తీసేటప్పుడైనా పనికొస్తాయి. ఫోన్ పైనుంచి పట్టుకుంటే అంతా బొమ్మలే. ఫోన్ పట్టాల మట్టానికి దించి, ఆ చిన్న మనిషి నిలబడి చూసే ఎత్తులో పెట్టాలి. గంటకు 60 కిలోమీటర్ల బండి 87వ వంతుకు సెకనుకు 19 సెంటీమీటర్లే. మనం ఆత్రంగా తోలేస్తాం కాబట్టే నకిలీ అని తెలిసిపోతుంది. వెలుగు ఎంత ఎక్కువుంటే వీడియో అంత స్పష్టంగా వస్తుంది. పొగ మాత్రం చిన్నది కాదు. పొగ నూనె వేస్తే అగరుబత్తి పొగలాగే కనిపిస్తుంది. అందుకని పొగ మానేసి, ఆగి ఉన్న ఇంజన్‌నే తీశాడు.

నిమిషంన్నర వీడియో చుట్టాల గ్రూపులో పెట్టాం. బాబాయిలందరూ పాత రోజులు తలచుకున్నారు. అమ్మ మాత్రం ఫోన్ దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూసి, "బూడిదల బొగ్గులేరే ఆడోళ్లేరి?" అంది. ఇంజన్ నిప్పు దులిపిన చోట సగం కాలిన బొగ్గు ఏరుకుని, దాంతోనే పొయ్యి వెలిగించుకునేవారట చుట్టుపక్కల వాళ్లు. అగ్గిపుల్లలతో ఇద్దరు ఆడవాళ్లను చేశాను నేను. ఒకటిముప్పావు సెంటీమీటర్ మనిషికి కొంగు పెట్టడం ఎంత కష్టమో! తర్వాత క్వార్టరు వెనక దండెం కట్టించింది. దాని మీద ఒక ఖాకీ చొక్కా. "పూరాగ తెల్లగ చేయకు, నలుపు దిగదు" అని ముందే చెప్పింది.

పండుగ వచ్చి వెళ్లింది. సంచి ఇంకా మంచం కిందే ఉంది. చీరలు మాత్రం అలమారలోకి చేరాయి. తమ్ముడు ఫోన్ చేసి ఎప్పుడొస్తావంటే, "ఈడ పనుంది" అంటోంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పనులు చేసి వచ్చిన తండ్రులుంటారు. గనిలోనో, మిల్లులోనో, బస్సు మీదో. వాళ్ల సంగతులు అందరికీ తెలిసే ఉంటాయి. ఆ బట్టలు ఉతికినవాళ్లను ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఈ వారం మా అమ్మకు దండెం పక్కన ఒక బట్టలుతికే బండ కావాలట. తాండూరు నాపరాయి ముక్క ఒకటి గోరంత సైజుకు అరగదీస్తున్నారు మా వారు.