మూడో చెయ్యి

కారు నడపడానికి ఎన్ని చేతులు కావాలి? మనలాంటి వాళ్లకి ఈ సవాల్ రాదు. రెండు చేతులూ రెండు కాళ్లూ పని పంచుకుంటాయి. మా భాయ్‌జాన్‌కి మాత్రం ప్రతి ఫ్లైఓవర్ మీదా ఇదే సవాల్. ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చి ఆయన రెండు కాళ్లూ సన్నబడిపోయాయి. 2014లో మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించినప్పుడు ఇంటిల్లిపాదీ షుక్ర్ చేశాం. కానీ అంతకుముందే దాని బారిన పడ్డవాళ్ల జిందగీ ఇంకా నడుస్తూనే ఉంది కదా.

ఆయన కారు చేతులతో నడిపేలా మార్పించినది. చిన్న ఏఎంటీ బండి. క్లచ్ లేదు, గేర్లు అదే మార్చుకుంటుంది. స్టీరింగ్ కింద ఎడమవైపు ఒక రాడ్ ఉంటుంది. ముందుకి తోస్తే బ్రేక్ పెడల్ నొక్కుకుంటుంది, వెనక్కి లాగితే యాక్సిలరేటర్. ఎడమ చెయ్యి ఎప్పుడూ దాని మీదే. కుడి చెయ్యి స్టీరింగ్‌కి బిగించిన గుబ్బ మీద.

ఇప్పుడు ఎత్తు మీద ట్రాఫిక్ ఆగిందనుకోండి. రాడ్‌ని ముందుకి తోసి పట్టుకోవాలి. కదలాలంటే అదే రాడ్‌ని వెనక్కి లాగాలి. ఆ తోయడానికీ లాగడానికీ మధ్య బండి జర్రున వెనక్కి జారుతుంది. వెనకాల ఆటోవాడు హారన్ కొడతాడు. కాళ్లున్నవాళ్లు హ్యాండ్ బ్రేక్ లాగి, యాక్సిలరేటర్ ఇచ్చి, మెల్లగా బ్రేక్ వదుల్తారు. ఈయన హ్యాండ్ బ్రేక్‌ని ఏ చేత్తో పట్టుకోవాలి? "అల్లా మియా నాకు రెండే ఇచ్చాడ్రా, మూడోది అడగడం మర్చిపోయా" అని నవ్వేసేవాడు.

నవ్వేది ఆయనే. అమ్మీ నవ్వేది కాదు. మా ఇల్లు విజయవాడ వన్‌టౌన్‌లో కొండ వాలు మీద. ఏ గల్లీకి తిప్పినా ఎక్కడమో దిగడమో. పైగా మామూలు ఆటోమేటిక్ కార్లలో ఉండే 'పార్క్' గేరు ఈ బండిలో లేదు. మన దగ్గర చాలా ఏఎంటీ బండ్లలో ఉండదు. ఆపిన బండిని నిలబెట్టే జిమ్మేదారీలో ఎక్కువ భాగం హ్యాండ్ బ్రేక్‌దే. "డ్రైవర్‌ని పెట్టుకో బేటా, జీతం నేనిస్తా" అని అమ్మీ రోజూ ఒకటే పాట.

మన ఇళ్లలో ముసలివాళ్లు నమాజ్ అయ్యాక చేసే దువా ఒకటుంది. యా అల్లా, ఎవరికీ మోహతాజ్ చెయ్యకుండా తీసుకెళ్లు అని. అమ్మీ కూడా అదే అడుగుతుంది. భాయ్‌జాన్ ఒకరోజు మెల్లగా అన్నాడు: "అమ్మీ, ఆ దువా నువ్వు డెబ్భై ఏళ్లకి చేస్తున్నావు. నేను ఏడేళ్లప్పట్నుంచీ చేస్తున్నా." ఆ పూట ఇంట్లో ఎవరం ఇంకేం మాట్లాడలేదు.

ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఆలోచన అప్పుడు వచ్చింది. ఇది మరీ కొత్తదేం కాదు. 2001లోనే బీఎండబ్ల్యూ వాళ్లు తమ 7 సిరీస్ కారులో పెట్టారు. ఇప్పుడు మన దేశంలో మధ్యరకం కార్లలోనూ వస్తోంది. వీటిలో రెండు రకాలున్నాయి. వెనక చక్రాలకి డిస్క్ బ్రేకులుంటే చక్రం దగ్గరే చిన్న మోటారు బిగిస్తారు. మా బండిలాగా డ్రమ్ములుంటే, హ్యాండ్ బ్రేక్ లాగే కేబుల్‌నే మోటారుతో లాగిస్తారు. పాత బండ్లని సొంతంగా తయారుచేసుకునే షౌకీన్లు వాడేది ఎక్కువగా ఈ రెండో రకమే. వాళ్లకి అది అందం కోసం, సీట్ల మధ్య రాడ్ లేకుండా జాగా మిగలడం కోసం. మాకు వేరే జరూరత్.

ఆటోనగర్‌లో మా అబ్బా కాలం నుంచీ మాకు తెలిసిన ఉస్తాద్ ఉన్నాడు. విషయం చెప్పగానే తల అడ్డంగా ఊపాడు. "నక్కో బేటా. హాథ్ కా కామ్ బటన్‌కు నక్కో దేవ్."

ఆయన ఎతరాజ్‌లో పస ఉంది. హ్యాండ్ బ్రేక్ అంటే పార్కింగ్‌కి మాత్రమే కాదు, అసలు బ్రేక్ ఫెయిలైన రోజున మిగిలే ఆఖరి సహారా. చేత్తో అయితే కొంచెం కొంచెంగా లాగొచ్చు, వదలొచ్చు. మామూలు కిట్ మోటారుకి ఆ తమీజ్ ఉండదు. నొక్కితే పూర్తిగా బిగిస్తుంది. నడిచే బండిలో వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుంటే బండి గిర్రున తిరుగుతుంది.

వారం రోజులు మష్వరా నడిచింది. చివరికి దారి ఉస్తాదే చెప్పాడు: రాడ్ తియ్యొద్దు, మోటారు కూడా పెడదాం. కేబుల్ లాగగలదు గానీ తొయ్యలేదు కదా. వెనక రెండు చక్రాల కేబుళ్లనీ కలిపే పట్టీకి రాడ్ కేబులూ, మోటారు కేబులూ రెండూ తగిలిస్తే, ఒకటి లాగినప్పుడు రెండోది వదులుగా ఊరుకుంటుంది. ఆపిన బండిని పట్టుకోవడం బటన్ పని. ఆపద రోజు పని రాడ్‌ది. "అసలు బ్రేక్ పోయిన రోజు ఆ ఎడమ చెయ్యి ఖాళీయే కదా బేటా, దానికప్పుడు ఇంకేం పని?" అన్నాడు. నిజమే. మూడో చెయ్యి అక్కర్లేని రోజు అదొక్కటే.

ముందు డ్రమ్ములు విప్పి, షూలు చూసి, కేబుళ్లు కొత్తవి వేశారు. అరిగిన బ్రేక్‌కి మోటారు పెడితే అరిగిన బ్రేకే గట్టిగా లాగినట్టు. ఆ తర్వాత మోటారుని బండి అడుగున గట్టి ఉక్కు చోట బోల్టులతో బిగించారు. బ్యాటరీ నుంచి దానికి విడిగా లావు వైరు, మధ్యలో ఫ్యూజు. కేబుల్ తగినంత బిగిసిందని మోటారు తాగే కరెంటును బట్టే కంట్రోల్ డబ్బాకి తెలుస్తుంది, వెంటనే ఆపేస్తుంది.

బటన్ ఎక్కడ పెట్టాలన్నది భాయ్‌జాన్ ఫైసలా. డ్యాష్‌బోర్డ్ మీద వద్దన్నాడు. రాడ్ పిడి కొసన, ఎడమ బొటనవేలి కింద పెట్టించుకున్నాడు. బండి పూర్తిగా ఆగి, బ్రేక్ నొక్కి ఉంటేనే అది బిగిస్తుంది. ఇంజన్ ఆన్‌లో ఉండి, తలుపు మూసి, బెల్టు పెట్టుకుంటేనే వదుల్తుంది. పిల్లలు ఆడుకుంటూ నొక్కినా ఏమీ కాదు. ఇప్పుడు ఎత్తు మీద ఆగితే బొటనవేలితో నొక్కుతాడు. కదిలేటప్పుడు రాడ్‌ని కాస్త వెనక్కి లాగి, ఇంజన్ అందుకోగానే మళ్లీ నొక్కుతాడు. బండి ముందుకే పోతుంది.

అమ్మీ ఫికర్ ఒకటే: "బ్యాటరీ చచ్చిపోతే?" ఉస్తాద్ లోపలి స్క్రూ చూపించి, లారీల కింద పెట్టే స్క్రూ జాకీని గుర్తు చేశాడు. చెయ్యి తీసేసినా జాకీ దిగిపోదు కదా, ఇదీ అంతే. కరెంటు బిగించడానికీ వదలడానికీ మాత్రమే, పట్టుకుని ఉండటానికి కాదు. కరెంటు లేనప్పుడు చేత్తో వదలడానికి విడిగా ఒక తాళం కూడా ఉంది.

యూరప్ నిబంధనల్లో, నిండు బరువుతో ఉన్న కారుని 20 శాతం వాలులో పార్కింగ్ బ్రేక్ ఒక్కటే ఆపి ఉంచాలి. అంటే 100 అడుగులు పోతే 20 అడుగులు ఎక్కే రోడ్డు. మేం ఇసక బస్తాలు వేసి, మా గల్లీ వాలులో బండి పెట్టి, బ్రేక్ బిగించి, బ్యాటరీ వైరు పీకేశాం. కొంచెం ఎడంగా చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టాం. టైరు మీదా రోడ్డు మీదా కలిసేలా సుద్దతో ఒక గీత. ఫజర్ అయ్యాక నేను వెళ్లేసరికి అమ్మీ అప్పటికే అక్కడ టార్చి వేసుకుని వంగి చూస్తోంది. గీత గీతలాగే ఉంది.

ఇలాంటి జరూరత్ ఉన్న ఘరానాలకి ఒక మాట. బండిలో మార్పులకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వర్తిస్తుంది. దివ్యాంగుల కోసం మార్చుకోవడానికి అందులో దారి ఉంది, కానీ ఆర్టీఏ మంజూరు తప్పనిసరి. ఇన్సూరెన్స్ వాళ్లకీ రాసి ఇవ్వండి. చౌకగా వస్తుందని పేరు లేని కిట్ బిగించకండి. పాత రాడ్ తీసేస్తానన్న మెకానిక్ దగ్గర ఆగి, రెండో బ్రేక్ ఏదని అడగండి.

అన్నిటికన్నా ముందు, నడిపే మనిషిని అడగండి. మేమంతా ఏళ్ల తరబడి డ్రైవర్ గురించి వాదించుకున్నాం. ఆయనకి కావాల్సింది బొటనవేలి కింద ఇంత జాగా. పోయిన జుమా నాడు అమ్మీని ఆయనే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఫ్లైఓవర్ మీద సిగ్నల్ దగ్గర బండి ఆగింది, కదిలింది. అమ్మీ ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతూనే ఉందట.