ఆరింటిలో ఒకటి

యంత్రములు నేడు వీధివాకిట నుండి వంటయింటి వఱకు వచ్చినవి. కాని యవి చెడినప్పుడు "మగవారు వచ్చి చూచెదరు" అని చేతులు కట్టుకొని కూర్చుండు నలవాటు మాత్రము మనలను విడువలేదు. మా తండ్రిగారు నాకు అమరమును, కావ్యములను ఇంటనే చెప్పించిరి గాని యంత్రశాస్త్రము చెప్పింపలేదు. అయినను శ్రద్ధతో చూచి, చూచినదానిని వ్రాసి యుంచుకొనుటకు శాస్త్రపాండిత్యము వలయునా? వలదనియే నా యనుభవము. ఆ యనుభవమునే యిచ్చట విన్నవించుచున్నాను.

విద్యుత్తుతో నడచు చిన్నబండిని మీరు చూచియే యుందురు. అమెరికాలో గోల్ఫు ఆటస్థలములయందు ఆటగాండ్రు దీనిపై తిరుగుదురు. మన దేశమున పెద్ద రైల్వే స్టేషనులలో వృద్ధులను, హైదరాబాదునందలి నెహ్రూ జంతుప్రదర్శనశాలలో సందర్శకులను ఇట్టి బండ్లు మోయుచున్నవి. మనవారు దానిని బ్యాటరీ కారు అందురు. మావారు ఉపాధ్యాయులుగా నున్న పాఠశాల యొక గుట్టపై నున్నది. అచ్చట చదివి పైకి వచ్చిన యొకరు వాడిన బండి నొకదానిని కొని పాఠశాల కిచ్చిరి. ఏడవ తరగతి చదువు నొక బాలికకు పుట్టుకతోడనే కాళ్లలో సత్తువ లేదు. ఆమె గుట్టయెక్కి తరగతికి వచ్చుటకు ఆ బండియే యాధారము.

గత సంవత్సరము సంక్రాంతి వెళ్లినది మొదలు ఆ బండి సగము గుట్ట యెక్కి నిలిచిపోవజొచ్చెను. బ్యాటరీలమ్మిన వర్తకుడు దూరమునుండియే చూచి, "ఆరును పోయినవి, ఆరును మార్చవలయును" అనెను. ఆరింటి వెల మా యింటి కొన్ని నెలల వెచ్చమునకు మించినది. పాఠశాలవారు జూన్ నెల వఱకు ఓపికపట్టుడనిరి. బాలికను ఎత్తుకొని తెత్తుమని తోడివారు ముందుకు వచ్చిరి గాని, ఎదిగిన పిల్ల, ఒకరి చేతులమీద రా నొల్లక యింటనే నిలిచిపోయెను. "ఇక చదువేల, అమ్మగారూ? కూర్చుండి కుట్టుపని నేర్చుకొనును" అని దాని తల్లి నాతో ననెను. ఆ మాటలో కోపము లేదు, ఆశయు లేదు. బండిని నేనే చూడవలయునని యప్పుడు నిశ్చయించుకొంటిని.

మొదట బ్యాటరీ యన నేమో తెలియవలయును. సీసపు పలకలను గంధకామ్లము కలిసిన నీటిలో నుంచి విద్యుత్తును నిలువచేయు నుపాయమును 1859లో ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. ఇట్టి గది యొకటి సుమారు 2 వోల్టుల నిచ్చును. మా బండిలోని యొక్కొక్క బ్యాటరీకి నాలుగు గదులు, అనగా 8 వోల్టులు. అట్టివి ఆరు వరుసగా కలిపినచో 48 వోల్టులు. పెండ్లివారింట బావి నుండి వంటశాల దాక ఆరుగురు స్త్రీలు నిలిచి బిందెలు చేతులు మార్చుకొనుట చూచితిరి గదా! అందొకతె సొమ్మసిల్లినచో మిగిలిన యైదుగురు ఎంత బలవంతురాండ్రైనను బిందెలు సాగవు. చూచువారు మాత్రము వరుస యంతయు అలసినదనియే తలంతురు. బ్యాటరీల వరుసయు నట్టిదే.

ఈ పనికి ముందుగా చేతులకున్న బంగారు గాజులను, ఉంగరములను తీసివేయవలయును. లోహము రెండు కొనలకును తగిలినచో క్షణములో కాలి యెఱ్ఱనై మాంసమును కాల్చును. మెడలోని గొలుసులను రవికలోనికి బిగువుగా దోపుకొనవలయును. "బోసిచేతులతోనా?" అని మా అత్తగారు నొచ్చుకొనిరి, మఱుక్షణమే తామే పెట్టె తెఱచి మట్టిగాజులు తెచ్చి తొడిగిరి. గాజు విద్యుత్తును పోనీయదు గనుక ఆచారమును, క్షేమమును రెండును దక్కినవి. కండ్లకు అద్దములు, చేతులకు రబ్బరు తొడుగులు ధరింపవలయును. ఛార్జి యగునప్పుడు మండెడి వాయువు పుట్టును గనుక ఆ చోట గాలి యాడవలయును, నిప్పు దరిజేరరాదు.

తరువాత మూతలు తీసి నీరు చూచితిమి. పలకలు ఎల్లప్పుడు నీట మునిగి యుండవలయును. తగ్గినచో శుద్ధజలమునే, అనగా డిస్టిల్డు వాటరునే పోయవలయును. కుళాయినీరు, బోరునీరు పనికిరావు. నీరు పోయుట ఛార్జి ముగిసిన పిదప. పలకలు బయటపడి యున్నచో మాత్రము అవి మునుగునంత ముందుగా పోసి, పిదప ఛార్జి చేయవలయును. ఆమ్లము నెన్నడును పోయరాదు.

రాత్రి యంతయు ఛార్జి చేసి, బండిని ఒక పూట కదల్పక యుంచి, మీటరుతో కొలిచితిమి. ఆరును కలిపి 50.7 వోల్టులు! ఇది నిండుకుండ లెక్కయే. అందుచేతనే వర్తకునికి గాని మాకు గాని లోపము పైకి కనబడలేదు. విడివిడిగా చూడగా ఐదు 8.46 చొప్పునను, నాలుగవది 8.37గాను ఉన్నవి. అంతరము అత్యల్పము. కాని హైడ్రోమీటరు, అనగా ఆమ్లజలపు సాంద్రతను కొలుచు గాజుగొట్టము, గుట్టు విప్పినది. తక్కిన గదులన్నింటను 1.270 చూపగా, నాలుగవ బ్యాటరీలోని యొక్క గదిలో 1.180 మాత్రమే చూపెను. గదికిని గదికిని 0.050 కంటె ఎక్కువ భేదమున్నచో దోషమున్నట్లే.

అంతతో తీర్పు చెప్పక, భారము మోయునప్పుడు కూడ చూడ నిశ్చయించితిమి. విశ్రాంతిలో అందఱును బలవంతులే గదా! మీటరు తీగెలను ఒక్కొక్క బ్యాటరీకి క్లిప్పులతో తగిలించి, పైకి తెచ్చి, సీటు మూసితిమి. మావారు నడుపగా, ఆ బాలికను పిలిపించి మీటరును దాని యొడిలో నుంచితిమి. గుట్టమొదటి యెగుడును ఆరుసార్లు ఎక్కితిమి. ఒక్కొక్కమాఱును అది అంకెను బిగ్గరగా చదివినది, నేను వ్రాసికొంటిని. ఐదింటికి 7.9 ప్రాంతమున నిలిచినది. నాలుగవదాని వంతు రాగా, "అమ్మగారూ, పడిపోవుచున్నది! ఆరు పాయింటు మూడు!" అని కేకవేసెను. కర్ణుని రథమునకు గుఱ్ఱములు లోపమా, విల్లు లోపమా? క్రుంగినది ఒక్క చక్రమే గదా!

ఛార్జరులోని సమీకరణపు పద్ధతితో మరల నింపి చూచినను ఆ గది కోలుకొనలేదు. ఇప్పుడు ఒకటి మార్చవలయునా, ఆరునా? దీనికి సమాధానము వయస్సును బట్టి యుండును. బ్యాటరీలు నాలుగైదేండ్లు పనిచేసి యున్నచో ఒక్కటే క్రొత్తది చేర్చుట ముసలియెద్దులతో కోడెదూడను కాడికి కట్టుటయే. అదియు త్వరలోనే చెడును. అప్పు డన్నింటిని ఒక్కమాఱే మార్చుట మేలు. మావి పది నెలలవి మాత్రమే. గ్యారంటీ గడువు మిగిలియే యున్నది. గ్యారంటీ పత్రమును, నా పద్దుపుస్తకమును తీసికొని మేము వర్తకునికడ కేగితిమి. అతడు మొదట విసుగుకొనెను. తేదీలతో వరుసగా వ్రాసిన యంకెలను చూచి మెత్తబడి, తన సాధనముతో తానును పరీక్షించి, అదే జాతి, అదే సామర్థ్యము గల బ్యాటరీని వెల లేకుండ నిచ్చెను.

మార్చుటకు ముందు తీగె లెక్కడి కెక్కడ కలియునో ముగ్గువలె కాగితముపై గీసికొంటిని. తాళము తీసి, ఋణాగ్రపు తీగెను మొదట విప్పి, బిగించునప్పుడు దానినే కడపట బిగించితిమి. స్పానరు పిడికి టేపు చుట్టితిమి. ఒక్కొక్క బ్యాటరీ సుమారు 30 కిలోల బరువుండును గనుక ఒంటరిగా ఎత్తరాదు. కొనలకు పట్టిన తెల్లని బూజును, మూతలు బిగించి యుంచి, వంటసోడా నీటితో కడిగితిమి. క్రొత్తదానిని నిండుగా ఛార్జి చేసిన పిదపనే వరుసలో చేర్చితిమి.

సోమవారము నాడు బండి ఆగక గుట్ట యెక్కెను. బాలిక తరగతికి వచ్చెను. ఇప్పుడు నెలకొకమాఱు ఆరు బ్యాటరీల యంకెలను వ్రాయు పద్దు దానిదే. దాని తల్లి కుట్టుపని మాట మరల యెత్తలేదు.

మీలో ననేకుల యింట ఇన్వర్టరు క్రింద ఇట్టి సీసపు బ్యాటరీయే యుండును. (లిథియం రకమున కీ లెక్కలు చెల్లవు.) 12 వోల్టుల బ్యాటరీ నిండి విశ్రమించినప్పుడు 12.6 లేక 12.7 చూపవలయును; 12.1 ప్రాంతమున నున్నచో సగ మొడిగినట్లు. ఒడిగినదానిని చాలదినము లట్లే విడిచినచో పలకలపై గట్టిపొర కట్టి మరల నిండదు. నీరు పోయు రకమైనచో పాలపద్దు వ్రాయునాడే దాని నీటిని కూడ చూడుడు. చెడినదానిని పాతసామానులవానికి వేయక అమ్మినవానికే యిండు. 2022 నాటి నిబంధనలు పాత బ్యాటరీలను తిరిగి సేకరించు భారమును తయారుచేయువారిపై నుంచినవి. పెరటిలో కరగించిన సీసము పసిబిడ్డల మెదడునకు విషము.

ఎవరేని వచ్చి "అన్నియు పోయినవి" అని చెప్పినప్పుడు వెంటనే తల యూపకుడు. ఒక్కొక్కదానిని విడిగా, బరువు మోయునప్పుడు చూడుడు. మీటరు వెల మన చీరలలో నొకదాని వెలకంటె తక్కువ.