కారుకు తగ్గ పడవ

వేసవిలో శుక్రవారం సాయంత్రమైతే చాలు... మినియాపొలిస్ నుంచి ఉత్తరానికి వెళ్లే రోడ్ల మీద పడవలు బారులు తీరతాయి. నీళ్లలో కాదు, కార్ల వెనకాల!

అమెరికాలోని మిన్నెసొటా రాష్ట్రం సంగతిది. అక్కడి కార్ల నంబరు ప్లేట్ల మీదే 'పదివేల సరస్సులు' అని రాసి ఉంటుంది. అసలు లెక్క ఇంకా ఎక్కువే. పదెకరాలు, ఆపైన విస్తీర్ణం ఉన్న సరస్సులే 11,842. మిసిసిపీ మహానది పుట్టిందీ ఇక్కడి ఇటాస్కా సరస్సులోనే. 1922లో పద్దెనిమిదేళ్ల రాల్ఫ్ శామ్యూల్సన్ పడవ వెనక చెక్కల మీద నిలబడి, వాటర్ స్కీయింగ్‌కు శ్రీకారం చుట్టింది ఇక్కడి పెపిన్ సరస్సులోనే.

అలాంటి చోట సొంత పడవ కావాలని పిల్లలు మారాం చేయడంలో వింతేముంది? చిక్కల్లా ఒక్కటే... ఇంట్లో ఉన్నది చిన్న కారు.

లెక్క తప్పితే...

దుకాణంలో మెరిసిపోయే 18 అడుగుల ఫైబర్ పడవ ఇంజనుతో కలిపి టన్నుకు అటూఇటూగా తూగుతుంది. ట్రైలరు, పెట్రోలు, సామాన్లు కలిస్తే టన్నున్నర కూడా కావచ్చు. చాలా చిన్న కార్లు లాగగలిగేది 680 కిలోలే. ఎద్దుల సత్తువ చూసుకునే కదా బండికి బరువెత్తేది! అందుకే తెలిసినవాళ్లు ముందు కారు పుస్తకం తిరగేసి, ఆ తర్వాతే పడవ వైపు చూస్తారు.

అలాంటి కుటుంబాలను ఆదుకునేది అల్యూమినియం పడవ. 16 అడుగులది సుమారు 230 కిలోలుంటుంది. పాతిక హార్స్‌పవర్ మోటారు 70, ట్రైలరు 170, పెట్రోలూ బ్యాటరీ 60, లంగరు, లైఫ్ జాకెట్లు, ఐసుపెట్టె, గాలాలు కలిపి 50 అనుకున్నా మొత్తం 580 కిలోలే. ఇంకో వంద కిలోల వెసులుబాటు మిగులుతుంది.

సామాను సర్దడంలోనూ కిటుకుంది. మొత్తం బరువులో పదో వంతు దాకా కారు కొక్కెం మీద పడాలి. బండి వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచినట్టే, ఇక్కడా వెనక బరువెక్కువైతే ట్రైలరు తోక ఊపుతుంది. హైవే మీద ఆ ఊపు కారునే పక్కకు లాగేస్తుంది. ఇక సరస్సు ఒడ్డున తడిసిన ఏటవాలు మీద పడవను పైకి లాగేటప్పుడు కారు సత్తా బయటపడుతుంది. చక్రాలు జారితే వెనక ఉన్నవి నీళ్లే!

తేలికే... కానీ

అలాగని తేలిక పడవను ఎక్కడపడితే అక్కడ దించేయకూడదు. మిల్ లాక్స్ సరస్సు విస్తీర్ణం 500 చదరపు కిలోమీటర్ల పైమాటే. లోతు తక్కువ కావడంతో గాలి లేస్తే చాలు, అలలు ఇట్టే ఎగసిపడతాయి. చిన్న పడవకు గుబురు చెట్ల మధ్య ఒదిగిన చిన్న సరస్సే క్షేమం. ఎంతమంది ఎక్కవచ్చో, ఎంత బరువు మోస్తుందో పడవకు బిగించిన రేకు మీదే ఉంటుంది. పడవ కదులుతున్నంతసేపూ పదేళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందేనంటుంది అక్కడి చట్టం.

తిరుగు ప్రయాణంలో ఇంకో పని ఉంది. పడవ అడుగున ఉన్న బిరడా తీసి, చుక్క నీరు లేకుండా వంపేయాలి. జీబ్రా ఆల్చిప్పల వంటి జీవులు ఒక సరస్సు నుంచి మరోదానికి పాకకుండా పెట్టిన నిబంధన ఇది.

ఆదివారం సాయంత్రం పిల్లలు వెనక సీట్లో నిద్రలోకి జారుకుంటారు. వెనకాల చిన్న పడవ కుదురుగా వస్తుంటుంది. పక్క లేన్లో పెద్ద ట్రక్కు వెనక పెద్ద పడవ దర్జాగా దూసుకుపోతుంది. పోనీండి... రెండూ వస్తున్నది సరస్సు నుంచేగా!