డాట్ డెవ్‌లో అమ్మమ్మ కథలు
అమ్మమ్మ చెప్పిన కథల కోసం డాట్ డెవ్ పేరు ఒకటి కొన్నాను.

"దేవుడి పేరా?" అంది.

"కాదమ్మమ్మా, డెవలపర్ల కోసం గూగుల్ పెట్టింది. 2019 నుంచి ఎవరైనా కొనుక్కోవచ్చు."

ఆ రాత్రి సైట్ తెరుచుకోలేదు. డాట్ డెవ్ మొత్తం బ్రౌజర్ల హెచ్‌ఎస్‌టీఎస్ జాబితాలో ఉంది. హెచ్‌టీటీపీఎస్ లేకపోతే బ్రౌజర్ పేజీ చూపించదు. "పర్లేదు, వెళ్తాను" అని నొక్కే దారి కూడా ఉండదు. నేను సర్టిఫికెట్ పెట్టడం మర్చిపోయాను. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌లో ఉచితంగా తీసుకున్నాను. తెరుచుకుంది.

ఇదంతా అమ్మమ్మకి తెలుగులో ఎలా చెప్పాలి? చాలాసేపు వెతుక్కుని, "దారిలో ఎవరూ వినకుండా, మార్చకుండా మాటలకి తాళం వేస్తుంది" అన్నాను.

"అంటే నేను చెప్పింది చెప్పినట్టే చేరుతుందన్నమాట!"

"చెప్పింది చెప్పినట్టే." నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆమె కథలు కూడా అలాగే రాయాలి.