బక్క కుర్రాడి బరువు లెక్క

బరువు తగ్గడం ఎలా అని అడిగితే వీధిలో పది మంది పది చిట్కాలు చెబుతారు. పెరగడం ఎలా అని అడిగితే మాత్రం నవ్వుతారు. 'అదీ ఓ బాధేనా, మా ఒంట్లోవి నాలుగు కిలోలు పట్టుకుపోండి' అంటారు. కానీ ఆటలాడే పదహారేళ్ల పిల్లాడు ఎంత తిన్నా పుల్లలా ఉంటే ఆ తల్లికి అది నవ్వులాట కాదు. ఎదుటివాళ్లు తన వంట మీదే మాట విసిరినట్టు ఉంటుంది. పిల్లాడికి ఇంకా కష్టం. స్నేహితులు 'అగ్గిపుల్ల' అంటే పైకి నవ్వుతాడు. గదిలోకి వెళ్లి చొక్కా విప్పి అద్దం ముందు నిలబడతాడు.

పల్నాడులోని ఓ చిన్న పట్టణంలో అలాంటి ఇల్లు ఒకటుంది. తండ్రిది మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డు. తల్లి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరం. కబడ్డీ అంటే ప్రాణం. అయిదడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తు, 52 కిలోల బరువు. కూతకెళితే పాదరసంలా జారిపోతాడు. కానీ అవతల ఇద్దరు కలిసి నడుం పట్టారంటే అంతే, మధ్యగీత అందదు. జిల్లా జట్టు ఎంపికలో అందుకే పేరు పోయింది. 'ఆట ఉంది, బరువు లేదు. అయిదు కిలోలు పెంచుకుని వచ్చే ఏడు రా' అని పంపేశారు.

ఆ అయిదు కిలోల మాట ఇంట్లో తలా ఒకరకంగా అందుకున్నారు. తల్లి రాత్రి కంచంలో అన్నం పెంచింది. నాయనమ్మ తెల్లవారుజామున రెండు పచ్చి గుడ్లు గ్లాసులో కొట్టి, ముక్కు మూసుకుని మింగమంది. తండ్రి మాత్రం 'నా వయసులో నేనూ ఇంతే' అని తేల్చేశాడు. పిల్లాడికి అంత ఓపిక ఎక్కడిది? పండక్కి బట్టలకని ఇచ్చిన మూడు వేలూ పట్టుకెళ్లి, బరువు పెంచే పొడి డబ్బా ఒకటి కొన్నాడు. డబ్బా మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ! రోజుకు రెండు చెంచాలని రాసి ఉంటే నాలుగు కలుపుకున్నాడు. పది రోజుల్లో కడుపుబ్బరం, విరేచనాలు. అయిదు కిలోలు పెరగాల్సినవాడు ఒక కిలో తగ్గాడు. మంచం కింద డబ్బా తల్లికి దొరికాక గానీ సంగతి బయటపడలేదు.

ఆవిడ తిట్టలేదు. డబ్బానీ కొడుకునీ వెంటబెట్టుకుని, హైస్కూల్లో పనిచేసి రిటైరైన డ్రిల్లు మాస్టారి ఇంటికెళ్లింది. ఆయన డబ్బా వెనక్కి తిప్పి, కళ్లజోడు పెట్టుకుని చదివారు.

'ఒరేయ్, ఇందులో ఎక్కువ భాగం చక్కెర జాతి పిండే. కండ కట్టేది కొంచెమే. దీనికి మూడు వేలా? సరే, ఇది పక్కన పెట్టు. మూడు రోజులు నువ్వేం తింటున్నావో, ఎన్నింటికి తింటున్నావో నోటుబుక్కులో రాసుకురా. అమ్మ కాదు, నువ్వే రాయాలి' అన్నారు.

నోటుబుక్కు బయటపెట్టిన నిజం

మూడు రోజుల తర్వాత ఆ పేజీలు చూసి ముందు ఉలిక్కిపడింది తల్లే. రాత్రి తొమ్మిదింటికి భోజనం. పొద్దున అయిదున్నరకు ఖాళీ కడుపుతో మైదానం. ఎనిమిది దాకా పరుగులు, ఆట. తొమ్మిదింటికి బస్సు హారన్ వినబడుతుంటే రెండిడ్లీలు నోట్లో కుక్కుకుని పరుగు. అంటే పన్నెండు గంటల పాటు కడుపులో ఏమీ లేదు, మధ్యలో రెండున్నర గంటల ఒళ్లు హూనం! మధ్యాహ్నం క్యారేజీలో అన్నం, పల్చటి చారు, సగం వెనక్కి. సాయంత్రం మళ్లీ ఆట. ఇక రాత్రి కొండంత అన్నం. తల్లి చూసేది ఆ ఒక్క పూటే. 'ఇంత తింటాడు, ఏమైపోతోందో' అని ఆవిడ బెంగ.

ఏమీ అయిపోవడం లేదు. వచ్చిందంతా ఖర్చయిపోతోంది, అంతే. షెడ్డు లెక్కలు రాసే తండ్రికి ఈ మాట ఇట్టే అర్థమైంది. రాబడి కంటే ఖర్చు ఎక్కువైతే ఏ ఇంట్లోనైనా మిగిలేదేముంటుంది?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 16-18 ఏళ్ల మగపిల్లలకు రోజుకు సుమారు 3,300 కేలరీల శక్తి కావాలి. రెండు పూటలా ఒళ్లు వంచి ఆడేవాడికి ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. బరువు పెరగాలంటే ఆ ఖర్చు మీద మరో మూడు వందల నుంచి అయిదు వందల కేలరీలు మిగలాలి. వినడానికి పెద్ద అంకెలా ఉంటుంది కానీ ఓ అరటిపండు, గుప్పెడు పల్లీలు, గ్లాసు పాలు కలిపితే నాలుగు వందలు దాటుతుంది. రాత్రి కంచం మీద మరో ముద్ద కుక్కక్కర్లేదు. ఖాళీగా ఉన్న గంటల్ని నింపితే చాలు.

అలాగే నింపారు. మైదానానికి వెళ్లే ముందు ఓ అరటిపండు. ఆట అయిన వెంటనే రెండు ఉడికించిన గుడ్లు, గ్లాసు పాలు. పచ్చి గుడ్లు మానిపించారు. పచ్చిగా మింగితే అందులోని మాంసకృత్తుల్లో దాదాపు సగమే ఒంటికి అందుతుంది, పైగా రోగక్రిములు ఉండొచ్చు. ఉడికిస్తే ఎక్కువ భాగం అందుతుంది. నాయనమ్మ మొదట ఒప్పుకోలేదు. మాస్టారు చెప్పారన్నాక 'అయితే సరే, సున్నుండలైనా చేయనివ్వండి' అంది. ఆ మాట మాత్రం మాస్టారికి భలే నచ్చింది. మినుములు, బెల్లం, నెయ్యి... కాలేజీ విరామంలో తినడానికి అంతకన్నా ఏం కావాలి? ఓ రోజు సున్నుండ, ఓ రోజు పల్లీపట్టీ. క్యారేజీలో చారు బదులు ముద్దపప్పు, గడ్డపెరుగు. సాయంత్రం ఆటకు ముందు గుగ్గిళ్లు. రాత్రి మామూలు భోజనమే. పడుకునే ముందు మరో గ్లాసు పాలు.

కండకు మాంసకృత్తులు ముఖ్యం. కసరత్తు చేసే పిల్లలకు ఒంటి బరువులో కిలోకు ఒకటిన్నర గ్రాముల పైచిలుకు సరిపోతుంది. 52 కిలోలవాడికి 80 గ్రాములన్నమాట. రెండు గుడ్లలో పన్నెండు, రెండు గ్లాసుల పాలల్లో పదహారు, గుప్పెడు పల్లీల్లో ఏడు, రెండు కప్పుల పప్పులో మరో పద్నాలుగు. అన్నం, ఇడ్లీ, పెరుగు, గుగ్గిళ్లలోవి కలుపుకుంటే లెక్క ఇంట్లోనే తేలిపోతుంది. ఆదివారం కోడికూర ఉండనే ఉంది.

తిండి ఒక్కటే కాదు

ఎంత తిన్నా కండరానికి పని చెప్పకపోతే మిగిలినదంతా పొట్ట చుట్టూ చేరుతుంది. అందుకని వారానికి మూడు రోజులు పొద్దున పరుగు తగ్గించి దండీలు, బస్కీలు, కడ్డీ పట్టుకుని పైకి లేవడం పెట్టారు మాస్టారు. మూటలు మోసినట్టు ఇసుక సంచి భుజాన వేసి నడిపించారు. మొదటి వారం మూడుసార్లు కడ్డీ మీదికి లేచేసరికి పిల్లాడి చేతులు వణికాయి.

అన్నిటికంటే గొడవ జరిగింది ఫోను దగ్గర. రాత్రి పన్నెండు దాకా వీడియోలు, పొద్దున అయిదుకు లేవడం. ఈ వయసులో ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. 'నువ్వు మైదానంలో పెరగవురా, మంచం మీద పెరుగుతావు' అన్నారు మాస్టారు. తొమ్మిదిన్నర దాటితే ఫోను తండ్రి జేబులోకి వెళ్లింది. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. తర్వాత అలవాటైంది.

వీటన్నిటికంటే ముందు ఆయన చేయించిన పని ఇంకొకటుంది. ఆసుపత్రిలో చూపించి రక్తపరీక్ష చేయించారు. ఈడొచ్చే మగపిల్లలు ముందు ఎత్తు పెరిగి, ఆ తర్వాత ఒళ్లు చేయడం మామూలే. చురుగ్గా ఆడుతూ, ఎత్తు పెరుగుతూ ఉన్నవాడు సన్నగా ఉన్నంత మాత్రాన రోగం కాదు. కానీ ఉన్న బరువు తగ్గుతుంటే, విపరీతమైన దాహం, విడవని జ్వరం లేదా దగ్గు, తరచూ విరేచనాలు, నీరసం ఉంటే మాత్రం ముందు డాక్టరు, తర్వాతే వంటిల్లు. మధుమేహం, క్షయ, థైరాయిడ్, రక్తహీనత, నులిపురుగులు... వీటిలో ఏదున్నా ఎంత పెట్టినా చిల్లుకుండలో నీళ్లే.

ఇక డబ్బా సంగతి. కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో స్పష్టంగానే చెప్పింది. ఆటగాళ్లకు ఇంకో ప్రమాదమూ ఉంది. కొన్ని పొడుల్లో పైన రాయని మందులు కలుస్తుంటాయి. డోపింగ్ పరీక్షలో దొరికితే 'నాకు తెలీదు' అన్నంత మాత్రాన తప్పించుకోలేరు. ఒంట్లోకి వెళ్లిందానికి ఆటగాడే బాధ్యుడు.

మల్లీశ్వరి మెట్లు

అయినా పదహారేళ్లవాడికి నెలకు కిలో అంటే నత్తనడకే! అలిసిపోయినప్పుడల్లా మాస్టారు కరణం మల్లీశ్వరి లెక్క చెప్పేవారు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి. 1994, 1995ల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. 1998 ఆసియా క్రీడల్లో 63 కిలోల విభాగంలో రజతం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం. అయిదేళ్లలో 54 విభాగం నుంచి 69 విభాగానికి వెళ్లింది. రోజూ బరువులెత్తే ప్రపంచ ఛాంపియన్‌కే అంత కాలం పట్టింది!

వారానికి ఒక్కసారే తూకం. ఆదివారం పొద్దున, కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు. రోజూ చూస్తే ఒంట్లో నీళ్ల హెచ్చుతగ్గులే కనబడి మనసు పాడవుతుంది. వారానికి పావుకిలో నుంచి అరకిలో పెరిగితే మంచిదే. అంతకంటే వేగంగా పెరిగితే అందులో కొవ్వే ఎక్కువ.

అయిదు నెలలకు 55 కిలోల 800 గ్రాములైంది. అడిగింది అయిదు కిలోలు, వచ్చింది నాలుగు కూడా కాదు. నడుం కొలత మాత్రం దాదాపు అలాగే ఉంది. కడ్డీ మీద మూడుసార్లు లేచేవాడు తొమ్మిదిసార్లు లేస్తున్నాడు. మొన్నటి ఎంపికల్లో నడుం పట్టిన ఇద్దరినీ ఈడ్చుకుంటూ వచ్చి మధ్యగీత ముట్టుకున్నాడు. జట్టులో పేరు వచ్చింది... పన్నెండో వాడిగా. ఆడే ఏడుగురిలోకి రావడానికి ఇంకా దూరముంది. ఈసారి పిల్లాడు డబ్బా జోలికి పోలేదు. 'ఇంకో ఏడాది ఉందిగా' అన్నాడు.

ఈ కథలో తల్లికి ఆలస్యంగా తట్టిన విషయం ఒకటుంది. ఆ ఇంట్లో పదమూడేళ్ల కూతురుంది. బళ్లో ఖోఖో ఆడుతుంది. తనూ సన్నమే. 'ఆడపిల్ల సన్నంగా ఉంటేనే అందం' అని ఎవరూ పట్టించుకోలేదు. అన్నకు రెండు గుడ్లు వచ్చిన రోజుల్లోనూ తనకు సగం గుడ్డే. నిజానికి ఆడే ఆడపిల్లలకు తిండి చాలకపోతే నెలసరి తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి. పోయిన నెల ఆ అమ్మాయి ఎవరూ అడక్కుండానే అన్న నోటుబుక్కు తీసి, చివరి పేజీలో తను తిన్నవి మూడు రోజులు రాసి తల్లి కుట్టు మిషను మీద పెట్టింది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో నాలుగు గుడ్లు ఉడుకుతున్నాయి.